మంద్రకంఠ రహస్యం

హైదరాబాదు పాతబస్తీలో చాంద్రాయణగుట్టకు సమీపాన బార్కస్ అనే పేట ఉన్నది. అక్కడి ఒక పెండ్లి రాత్రిని ఊహించుకోండి. వీథి మొగలో మర్ఫా మేళం సాగుతున్నది. డఫ్, ఢోల్, మర్ఫా అనే తోలువాద్యాల మోత ఇంటి గోడలకు తాకి, వినేవారి గుండెల్లో పలుకుతున్నది. కొంచెం ఎడంగా ఒక అరుగు మీద పదవ తరగతి కుర్రవాడు కూర్చుండి సెల్‌ఫోనులో ఏదో పాట వింటున్నాడు. అది పాశ్చాత్య దేశాల మెటల్ రాక్ పాట. పాడుతున్న మనిషి గొంతు నూతిలో నుంచి వస్తున్నట్లున్నది. కుర్రవాని గొంతు ఈ ఏడే మారింది. ఒక మాట లావుగాను, ఒక మాట కీచుగాను వస్తున్నది. ఆ పాట వంటి ధ్వని తీయవలెనని వారం రోజులుగా మేడ మీద ఒంటరిగా అరచి అరచి గొంతు బొంగురు చేసుకున్నాడు. మరునాడు తరగతిలో సైన్సు ఉపాధ్యాయుణ్ణి అడిగాడు: “సార్, ఆయన గొంతు నాకెందుకు రాదు?”

చిన్న ప్రశ్నే గాని, దీనికి సమాధానం చెప్పాలంటే భౌతికశాస్త్రం, శరీరశాస్త్రం, సంగీతం మూడింటి సహాయమూ కావలె. ఆ కుర్రవాడు “లోతైన గొంతు” అని ఒక్క పేరు పెట్టిన దానిలో నిజానికి మూడు వేర్వేరు విషయాలు కలిసి ఉన్నవి. ఒకటి మందంగా జరిగే కంపనం. రెండవది పెద్ద కుహరంలో కలిగే అనునాదం. మూడవది గరగర. ఈ మూడింటినీ విడదీసి చూస్తే, వీటిలో ఏది పుట్టుకతో వచ్చేదో, ఏది సాధనతో వచ్చేదో, ఏది గొంతుకు చేటు తెచ్చేదో తెలుస్తుంది.

తోలు, తంత్రి చెప్పే పాఠం

బార్కస్ అన్న పేరు “బ్యారక్స్” అన్న ఇంగ్లీషు మాట నుంచి వచ్చింది. నిజాం ప్రభువుల కొలువులో ఉండిన అరబ్బు సైనికుల బసలు ఇక్కడ ఉండేవి. వారి పూర్వులు నేటి యెమెన్ దేశంలోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చినవారు. 1948లో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన తరువాత ఆ సైన్యాలు లేకుండా పోయినవి. అయినా వారి సంతతి వారు, వారి వంటలు, వారి మర్ఫా వాద్యం నగర జీవితంలో నిలిచిపోయినవి. ఈనాడు మర్ఫా మోగని వేడుక పాతబస్తీలో అరుదు.

తోలువాద్యాలలో పెద్దది లావుగాను, చిన్నది సన్నగాను ఎందుకు పలుకుతుంది? చర్మం ఎంత వెడల్పుగా, ఎంత వదులుగా, ఎంత బరువుగా ఉంటే అది అంత నెమ్మదిగా ఊగుతుంది. సెకనుకు ఎన్ని మారులు ఊగుతుందో ఆ సంఖ్యను పౌనఃపున్యం అంటారు. దాని ప్రమాణం హెర్ట్జ్. పౌనఃపున్యం తగ్గిన కొద్దీ స్వరం మంద్రమవుతుంది. మన పల్లెల్లో డప్పు వాయించేవారు మధ్య మధ్య డప్పును మంటకు కాచడం మీరు చూచే ఉంటారు. వేడికి తోలులోని తేమ ఆరి అది బిగుసుకుంటుంది. వెంటనే శ్రుతి పైకి లేస్తుంది. వానకాలపు తేమలో అదే డప్పు బద్ధకంగా పలుకుతుంది.

తంత్రులకూ ఇదే సూత్రం. మెటల్ రాక్ చరిత్రలో దీనికి చక్కని ఉదాహరణ ఉన్నది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో టోనీ అయోమీ అనే గిటారు వాద్యకుడు యువకుడుగా రేకుల కర్మాగారంలో పని చేస్తూ, ప్రమాదంలో కుడిచేతి రెండు వ్రేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. అతడు ఎడమచేతి వాటం వాడు కాబట్టి, తంత్రులను నొక్కవలసినవి ఆ వ్రేళ్లే. కొసలకు ప్లాస్టిక్ తొడుగులు తగిలించుకుని మళ్లీ వాయించసాగాడు. తరువాత తంత్రులను వదులు చేసుకున్నాడు. 1971లో అతని బృందమైన బ్లాక్ సబ్బాత్ వెలువరించిన మూడవ ఆల్బంలోని కొన్ని పాటలలో గిటారు శ్రుతిని మూడు అర్ధస్వరాల మేరకు దించారు. గిటారులోని అన్నిటికంటె లావు తంత్రి మామూలుగా సెకనుకు సుమారు 82 మారులు కంపిస్తుంది. మూడు అర్ధస్వరాలు దించితే అది 69 అవుతుంది. పౌనఃపున్యం బిగువు యొక్క వర్గమూలాన్ని అనుసరిస్తుంది కాబట్టి, ఇందుకు బిగువును నూటికి 29 వంతులు తగ్గించవలసి ఉంటుంది. నొప్పి వ్రేళ్లకు సుఖమైనది. శ్రోతల చెవికి బరువైన కొత్త ధ్వని దొరికింది. తరువాత వచ్చిన మెటల్ వాద్యకులు ఎందరో ఆ దారినే పోయారు.

ఇక్కడ ఒక వింత గమనించదగినది. ఆ బృందంలో గిటారు దిగింది గాని, గాయకుడు ఆజీ ఆస్‌బర్న్ గొంతు దిగలేదు. అతడు పై స్థాయిలోనే పాడాడు. తంత్రిని మరతో వదులు చేసినంత సులభంగా మనిషి గొంతును దించలేము. ఎందుకో తెలియాలంటే గొంతు లోపలికి చూడవలె.

అద్దంలో కనిపించిన స్వరం

గొంతు లోపల స్వరం పుట్టే చోటును సజీవుడైన మనిషిలో తేటగా చూచి లోకానికి వివరించిన ఘనత వైద్యునిది కాదు, సంగీతోపాధ్యాయునిది. అతని పేరు మాన్యుయెల్ గార్సియా. 1854లో అతడు పారిస్‌లో ఉన్నప్పుడు, చిన్న అద్దాన్ని నాలుక వెనుకకు పెట్టి, మరొక అద్దంతో సూర్యకాంతిని దాని మీదికి మళ్లించి, తన స్వరపేటికను తానే చూచుకున్నాడు. మరుసటి ఏడు లండన్‌లోని రాయల్ సొసైటీకి ఆ సంగతి నివేదించాడు. నేటికీ గొంతు వైద్యుని చేతి అద్దంలో గార్సియా ఆలోచన ఉన్నది.

అతనికి కనిపించినవి శ్వాసనాళం పైకొసన ఉన్న స్వరపేటికలోని రెండు మడతలు. వీటిని స్వరతంతువులని పిలవడం అలవాటైనది గాని, ఇవి వీణ మీది తీగల వంటివి కావు. కండరం మీద మెత్తని జిగురు పొర, దాని మీద పలుచని చర్మం కప్పిన పెదవుల వంటివి. ఊపిరి పీల్చేటప్పుడు విడిపోయి, పలికేటప్పుడు దగ్గరకు వస్తాయి. క్రింది నుంచి వచ్చే గాలి ఒత్తిడికి తెరుచుకుంటాయి. తెరుచుకోగానే ఒత్తిడి తగ్గి, తమ సాగుడు గుణం వలనను, గాలి ప్రవాహం వలనను మళ్లీ మూసుకుంటాయి. ఇట్లు సెకనుకు నూరు, రెండు వందల మారులు గాలిని తుంపులు తుంపులుగా కత్తిరిస్తాయి. ఆ తుంపులే స్వరం.

1950లో ఫ్రాన్సు దేశస్థుడు రవూల్ హుస్సాన్ దీనికి భిన్నంగా చెప్పాడు. ఒక్కొక్క కంపనానికి మెదడు నుంచి ఒక్కొక్క నాడీ సంకేతం వస్తుందని అతని వాదం. అదే నిజమైతే లోతుగా పాడడం కేవలం మనసు పెట్టడంతో సరిపోయేది. 1958లో నెదర్లాండ్సుకు చెందిన వాన్ డెన్ బెర్గ్ గాలి, సాగుడు గుణం ఈ రెండే చాలునని విపులంగా నిరూపించి, హుస్సాన్ వాదాన్ని త్రోసివేశాడు. 2012లో దీనికి ఒక పెద్ద సాక్ష్యం లభించింది. బెర్లిన్ జంతుప్రదర్శనశాలలో సహజంగా మరణించిన ఒక ఏనుగు స్వరపేటికను వియన్నా శాస్త్రజ్ఞుల బృందం ప్రయోగశాలలో అమర్చి, దాని గుండా గాలిని ఊదింది. మెదడు లేదు, నాడులు లేవు. అయినా మనిషి చెవికి అందని, సెకనుకు 20 కంటె తక్కువ కంపనాలున్న గజధ్వని వెలువడింది. మంద్రస్వరానికి మూలం సంకల్పం కాదు, మడతల పరిమాణం.

నల్లబల్ల మీద చేయదగిన లెక్క

రెండు కొసలు బిగించిన తంత్రి పౌనఃపున్యం కనుక్కోవడానికి, దానిలో ప్రయాణించే తరంగ వేగాన్ని తంత్రి పొడవుకు రెట్టింపుతో భాగించాలని విద్యార్థులకు తెలుసు. స్వరతంతువులకు కూడ ఇది ఉజ్జాయింపుగా పనికి వస్తుంది. వయసు వచ్చిన పురుషునిలో కంపించే భాగం పొడవు సుమారు 16 మిల్లీమీటర్లు. స్త్రీలో సుమారు 10 మిల్లీమీటర్లు. తరంగ వేగం ఇద్దరిలోనూ సెకనుకు 4 మీటర్లని అనుకుందాము. పురుషునికి 4 ను 0.032 తో భాగిస్తే 125 వస్తుంది. స్త్రీకి 4 ను 0.020 తో భాగిస్తే 200 వస్తుంది. మాట్లాడే గొంతులను కొలిస్తే దొరికే సగటు సంఖ్యలు ఈ చుట్టుప్రక్కలనే ఉంటాయి. ఆరు మిల్లీమీటర్ల తేడా, అనగా రెండు మూడు బియ్యపు గింజల మందం, మగ గొంతును ఆడ గొంతును వేరు చేస్తున్నదన్న మాట.

చిన్నపిల్లలలో ఈ తేడా దాదాపు ఉండదు. పన్నెండు, పదిహేను ఏండ్ల మధ్య మగపిల్లలలో టెస్టోస్టెరాన్ అనే హార్మోను ప్రభావం చేత స్వరపేటిక త్వరగా పెరుగుతుంది. గొంతు ముందర ముడి వంటిది పొడుచుకు వస్తుంది. తంతువులు పొడుగై, మందమవుతాయి. స్వరం ఇంచుమించు ఒక స్థాయి క్రిందికి దిగుతుంది. అయితే కొత్త కొలతలకు తగినట్లు కండరాలను బిగించడం మెదడు నేర్చుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ నెలల్లోనే మాట మధ్యలో గొంతు విరుగుతుంది. తరగతిలో తక్కిన పిల్లలు నవ్వుతారు. ఇది జబ్బు కాదు, లోపం కాదు, నవ్వవలసిన విషయం అంతకంటె కాదు. పెద్ద వీణను క్రొత్తగా చేతికి తీసుకున్న పిల్లవాని తడబాటు ఇది.

పొడుగరులకు గొంతు లోతుగా ఉంటుందని ఒక నమ్మకం ఉన్నది. న్యూయార్కు నగరం బ్రూక్లిన్‌కు చెందిన టైప్ ఓ నెగెటివ్ అనే మెటల్ బృందపు గాయకుడు పీటర్ స్టీల్ రెండు మీటర్లకు పైబడిన ఎత్తు మనిషి. అతని మంద్రకంఠం ఆ బృందానికి గుర్తు. 2010లో అతడు మరణించాడు. ఇటువంటి ఒక్క మనిషిని చూచి సూత్రం అల్లరాదు. పెద్దవారైన పురుషులను అనేకులను కొలిచి చూస్తే, ఎత్తుకూ స్వరపు మంద్రతకూ సంబంధం బలహీనమని తేలింది. పొట్టివాడు మంద్రంగా పలకవచ్చు, పొడుగరి సన్నగా పలకవచ్చు.

ఎంత లోతుకు పోవచ్చు?

పదమూడవ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో స్థాయిలు మూడని చెప్పాడు. హృదయంలో మంద్రం, కంఠంలో మధ్యం, శిరస్సులో తారం. ఒక్కొక్కటి దాని ముందు దానికి రెట్టింపు అని కూడ అన్నాడు. స్వరం గుండెలో పుట్టదని నేడు మనకు తెలుసు. గాని మంద్రంగా పలుకుతూ రొమ్ము మీద చేయి ఉంచితే అదురు చేతికి తెలుస్తుంది కాబట్టి ఆ మాటలో అనుభవసత్యం ఉన్నది. రెట్టింపు అన్నది మాత్రం నేటి కొలతలకు సరిగ్గా సరిపోతుంది. ఒక షడ్జం నుంచి పై షడ్జానికి పౌనఃపున్యం రెట్టింపు అవుతుంది.

పాశ్చాత్య సంగీతంలో అందరికంటె క్రింది పురుషకంఠాన్ని బాస్ అంటారు. దాని వాడుక పరిధి సెకనుకు సుమారు 82 నుంచి 330 కంపనాల వరకు. రష్యా చర్చి గానంలో ఆక్టవిస్టులు అనే ప్రత్యేక గాయకులు 65 కంపనాల వరకు, కొందరు ఇంకా క్రిందికి పోగలరు. మనలో ఎవరైనా గొంతు పూర్తిగా వదులు చేసి, ఊపిరి కొంచెమే వదిలితే, పాత తలుపు కిర్రుమన్నట్లు తుంపులు తుంపులుగా ధ్వని వస్తుంది. ఇక్కడ తంతువులు ఎంత నెమ్మదిగా కొట్టుకుంటాయంటే ఒక్కొక్క దెబ్బ విడిగా వినబడుతుంది. అది స్వరంగా తోచదు. 2012లో అమెరికా గాయకుడు టిమ్ స్టార్మ్స్ సెకనుకు 0.189 కంపనాల ధ్వని చేసి గిన్నిస్ గ్రంథంలోకి ఎక్కాడు. అంటే అయిదు సెకనులకు ఒక్క దెబ్బ. మనిషి చెవి దాన్ని స్వరంగా వినలేదు, యంత్రాలు మాత్రమే పసిగట్టగలవు. కంపనం తగ్గిన కొద్దీ లోతు పెరుగుతూనే ఉంటుందన్న ఊహ ఇక్కడ ఆగిపోతుంది. సంగీతానికి పనికి వచ్చే మంద్రానికి ఒక అడుగు ఉన్నది. ఆ అడుగు ఎక్కడో నిర్ణయించేవి మన తంతువులు.

సాధన వలన ఒకటి రెండు స్వరాలు క్రిందికి సంపాదించవచ్చు, ఉన్న స్వరాలను బలపరచవచ్చు. అంతకు మించి దించబోతే గొంతును నొక్కవలసి వస్తుంది. నొక్కిన గొంతు మంద్రంగా ఉండదు, కేవలం బిగుసుకుంటుంది.

కుహరం చేసే పని

రెండవ విషయం అనునాదం. స్వరతంతువుల మీదుగా పెదవుల వరకు ఉన్న మార్గం పురుషునిలో సుమారు 17 సెంటీమీటర్లు. ఒక కొస మూసి ఉన్న గొట్టంగా దీన్ని భావిస్తే, గాలిలో ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు కాబట్టి, మొదటి అనునాదం 500 వద్ద, తరువాతివి 1500, 2500 వద్ద వస్తాయి. తంతువులు పుట్టించిన మూలస్వరంతో పాటు దాని రెండింతలు, మూడింతలు, నాలుగింతలు పౌనఃపున్యం గల అతిస్వరాలు కూడ బయలుదేరుతాయి. వాటిలో వేటిని పెంచవలెనో, వేటిని అణచవలెనో ఈ గొట్టం నిర్ణయిస్తుంది. నాలుకను, పెదవులను, దవడను కదిపి గొట్టం ఆకారం మార్చడం వలననే అ, ఇ, ఉ అన్న అచ్చులు వేర్వేరుగా వినిపిస్తాయి. స్వరపేటికను కొంచెం దించి, గొంతు వెనుక భాగాన్ని విశాలం చేస్తే గొట్టం పొడవు పెరిగి, అనునాదాలన్నీ క్రిందికి జరుగుతాయి. అప్పుడు మూలస్వరం మారకున్నా గొంతు “పెద్దది”గా తోస్తుంది.

తెలుగువారికి దీనికి ఉదాహరణలు వెతకనక్కరలేదు. 1957లో వచ్చిన మాయాబజార్ చిత్రంలో ఎస్.వి. రంగారావు ధరించిన ఘటోత్కచ పాత్రకు పాడినవాడు మాధవపెద్ది సత్యం. ఆ పాట వింటే ఎదుట భారీ మనిషి నిలుచున్నట్లే ఉంటుంది. స్వరాలు వ్రాసుకుని చూస్తే పాట అంతా మంద్రస్థాయిలో లేదని తెలుస్తుంది. ఘంటసాల వేంకటేశ్వరరావు (1922–1974) పద్యం తారస్థాయికి ఎక్కినప్పుడు కూడ గాంభీర్యం సడలదు. అనగా గాంభీర్యం వేరు, మంద్రత వేరు. మొదటిది ఎక్కువగా కుహరం నుంచి, రెండవది తంతువుల నుంచి వస్తాయి.

శాస్త్రీయ ఒపేరా గాయకులు మైకు లేకుండా పెద్ద వాద్యబృందం మీద వినిపించవలె. స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోహాన్ సుండ్‌బర్గ్ 1970 దశకంలో దీని కీలకాన్ని వివరించాడు. వారు గొంతు అడుగు భాగాన్ని ఒక విధంగా మలచి, సుమారు 3000 కంపనాల వద్ద బలమైన అనునాదం తెప్పిస్తారు. వాద్యబృందం అంత పై భాగంలో బలహీనం కాబట్టి, ఆ సందులో నుంచి గొంతు బయటికి వస్తుంది. మెటల్ గాయకునికి ఈ అవసరం లేదు. అతని చేతిలో మైకు ఉన్నది. సాధారణంగా వేదిక మీద వాడే మైకును నోటికి దగ్గరగా పట్టుకుంటే అది క్రింది పౌనఃపున్యాలను హెచ్చుగా గ్రహిస్తుంది. కాబట్టి పీటర్ స్టీల్ వంటివారు గొణిగినట్లు మెల్లగా పాడినా, ఉరిమినట్లు వినిపించింది. బార్కస్ కుర్రవాడు మేడ మీద గొంతు చించుకుని అరచినది, అక్కడ ఇంచుమించు గుసగుసగా పాడినదాన్ని!

మరి ఇంకొక చిక్కు. సెల్‌ఫోనులోని స్పీకరు గోరంత. అది సెకనుకు 80, 100 కంపనాల ధ్వనిని దాదాపు వెలువరించలేదు. పాత టెలిఫోను తీగలు సైతం 300 కు క్రింది భాగాన్ని పంపేవి కావు. అయినా మనకు మగవాని గొంతు మగవాని గొంతుగానే వినిపిస్తుంది. కారణమేమి? 100 కంపనాల మూలస్వరం పోయినా దాని అతిస్వరాలైన 300, 400, 500 మిగిలి ఉన్నవి. వాటి మధ్య ఎడం నూరు. మెదడు ఆ ఎడాన్ని పట్టుకుని, లేని మూలస్వరాన్ని తానే పూరించుకుంటుంది. బార్కస్‌లో ఎన్నో ఇండ్లలో తండ్రులు, అన్నలు గల్ఫ్ దేశాలలో ఉద్యోగాలు చేస్తున్నారు. దూరం నుంచి ఫోనులో వచ్చిన తండ్రి గొంతులోని లోతును బిడ్డ గుర్తు పడుతున్నాడంటే, ఆ లోతులో కొంత భాగం బిడ్డ మెదడు కూర్చుకున్నదే.

గర్జన గానం

మూడవ విషయం గరగర. దీన్ని మంద్రతగా పొరబడడం వలననే ఎక్కువ అనర్థం కలుగుతున్నది.

స్వరతంతువులకు కొంచెం పైన మరొక జత మడతలు ఉన్నవి. వీటిని మిథ్యా స్వరతంతువులంటారు. ఆహారం మింగేటప్పుడు, బరువు ఎత్తేటప్పుడు గొంతును మూయడంలో ఇవి తోడ్పడతాయి. మామూలు మాటలో వీటికి పని లేదు. కాని కొన్ని గానపద్ధతులలో గాయకులు వీటిని కూడ దగ్గరకు తెచ్చి కంపింపజేస్తారు. రష్యాలోని తువా ప్రాంతంలో, మంగోలియాలో కార్గిరా అనే కంఠగానం ఉన్నది. ఇటలీ ద్వీపమైన సార్డీనియాలో నలుగురు కలిసి పాడే పల్లెగానంలో అందరికంటె క్రింది గొంతు కూడ ఈ జాతిదే. గొంతులోకి సన్నని దర్శినిని పంపి చూస్తే, స్వరతంతువులు రెండు మారులు కొట్టుకునేలోపల మిథ్యా తంతువులు ఒక్కసారి కొట్టుకుంటున్నట్లు కనబడింది. దాని ఫలితంగా శ్రోతకు ఒక స్థాయి క్రింది స్వరం వినిపిస్తుంది. 130 కంపనాలు పాడుతున్నవాడు 65 పాడుతున్నట్లు తోస్తాడు. తంతువులు పొడుగు కాలేదు, లెక్క మాత్రం సగమైనది. 2016లో మంగోలియాలో ఏర్పడిన ది హూ అనే బృందం ఈ ప్రాచీన కంఠగానాన్ని మెటల్ వాద్యాలతో జోడించి లోకానికి వినిపించింది.

మెటల్‌లో గ్రౌల్ అని పిలిచే గర్జన దీనికి దగ్గరి బంధువు. అందులో మిథ్యా తంతువులు, వాటి పైనున్న ఇతర మడతలు క్రమం తప్పి కంపిస్తాయి. నిర్దిష్టమైన శ్రుతి పోయి గరగర మిగులుతుంది. దానితో పాటు నోటిని, గొంతును పెద్దది చేసుకోవడం వలన భారీగా తోస్తుంది. ఇది మంద్రస్వరం కాదనడానికి రుజువు ఒక స్త్రీ. జర్మనీకి చెందిన ఏంజెలా గాసో 2000 నుంచి 2014 వరకు స్వీడన్ బృందమైన ఆర్చ్ ఎనిమీకి ముఖ్యగాయనిగా ఉండి, ఈ గర్జన గానమే చేసింది. పేరు చెప్పక రికార్డు వినిపిస్తే పురుషుడని అనుకునేవారే ఎక్కువ.

ప్రోగ్రెసివ్ మెటల్‌లో స్వీడన్ బృందం ఒపెత్ మరొక ఉదాహరణ. దాని గాయకుడు మికాయెల్ ఆకర్‌ఫెల్ట్ ఒకే పాటలో కాసేపు గర్జించి, కాసేపు మృదువుగా పాడేవాడు. 2011లో వెలువడిన ఆల్బం మొదలు ఆ బృందం గర్జనను విడిచిపెట్టి, 2024లో వెలువడిన ఆల్బంలో మళ్లీ చేపట్టింది. ఒకే మనిషి, ఒకే తంతువులు. గర్జన అతని కంఠం కాదు, అతడు కావలసినప్పుడు తీసి, వద్దన్నప్పుడు పెట్టివేసే వాద్యం.

ఎక్కడ చేటు?

స్వరతంతువుల అంచులు సెకనుకు నూరు మారులకు పైగా ఒకదానినొకటి తాకుతుంటాయి. ఒక్క గంట మాట్లాడితే ఆ తాకిళ్లు లక్షలకు పోతాయి. మెల్లగా తాకితే నష్టం లేదు. నొక్కి అరచినప్పుడు అంచులు వాస్తాయి. రోజూ ఇట్లాగే జరిగితే కాయకష్టం చేసేవాని అరచేతిలో కాయలు కాచినట్లు తంతువుల అంచున బుడిపెలు లేస్తాయి. అప్పుడు అంచులు సరిగా మూసుకోక, గాలి జారిపోయి గొంతు బొంగురుపోతుంది. గర్జన నేర్చిన గాయకులు గాలి తక్కువ వాడి, పై మడతల చేత గరగర పలికించి, అసలు తంతువులను కాపాడుకోవడానికి సాధన చేస్తారు. నేర్వనివాడు బరువంతా అసలు తంతువుల మీదనే వేస్తాడు. గొంతు మారుతున్న నెలల్లో ఇట్టి ప్రయోగాలు అసలే తగవు.

ఈ హెచ్చరిక ఉపాధ్యాయులకు కూడ వర్తిస్తుంది. గొంతు జబ్బులు ఎక్కువగా వచ్చే వృత్తులలో ఉపాధ్యాయ వృత్తి ముందున్నది. అరవై మంది పిల్లల సందడి మీద రోజుకు అయిదారు గంటలు మాట్లాడేవారు మెటల్ గాయకునికి తీసిపోరు. పైగా మైకు లేదు. తరచుగా నీళ్లు త్రాగడం, పిల్లలను నిశ్శబ్దపరచడానికి అరవడానికి బదులు బల్ల తట్టడం, వీలైతే చిన్న మైకు వాడడం మంచిది. బొంగురు మూడు వారాలకు మించి తగ్గకుంటే, అది విద్యార్థిది గాని ఉపాధ్యాయునిది గాని, గొంతు వైద్యునికి చూపించవలె. హైదరాబాదులో కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఇందుకు ఉన్నది.

తరగతిలో చేయదగిన ప్రయోగాలు

ఒక బుడగను ఊది, దాని మూతిని రెండు చేతులతో అటూ ఇటూ లాగుతూ గాలి వదలండి. మూతి రెండు పెదవులూ కంపించి పలుకుతాయి. లాగిన కొద్దీ స్వరం పైకి, వదులు చేసిన కొద్దీ క్రిందికి పోతుంది. స్వరతంతువులకు ఇంతకంటె చవకైన నమూనా లేదు.

గొంతు మీద రెండు వ్రేళ్లు ఆనించి “ఊ” అని పలుకుతూ, అదే శ్రుతిలో “ఆ” అనండి. వ్రేళ్ల క్రింది అదురు ఆగదు, శ్రుతి మారదు. అచ్చు మాత్రం మారుతుంది. తంతువుల పని, కుహరం పని వేరని ఇది తెలుపుతుంది.

ఒకే పాటను సెల్‌ఫోను స్పీకరులో ఒకసారి, పెద్ద స్పీకరులో ఒకసారి వినిపించి, శ్రుతి మారినదా అని పిల్లలను అడగండి. మారలేదనే చెబుతారు. మరి ఏది పోయినది, ఏది మిగిలినది అన్న చర్చ అక్కడ మొదలవుతుంది.

ఇక కుర్రవాని ప్రశ్నకు సమాధానం చెప్పవచ్చు. “ఆయన తంతువులు నీకు లేవు. నీవి ఇంకా పెరుగుతున్నవి, ఎక్కడ ఆగుతాయో మరి కొన్నాళ్లకు తెలుస్తుంది. ఆయన గాంభీర్యంలో సగం కుహరానిది, మైకుది. దాన్ని నీవు నేర్చుకోవచ్చు. ఆ గరగర వేరే విద్య. దాన్ని గురువు లేకుండా చేయరాదు.” మర్ఫా మేళంలో పెద్ద ఢోలు పని ఢోలుది, చిన్న డఫ్ పని డఫ్‌ది. డఫ్‌ను ఢోలు వలె పలికించాలని గట్టిగా కొడితే తోలు చిరుగుతుంది. కుర్రవాడు గొంతు కుదుటపడే వరకు ఆగి, ఏ స్థాయిలో హాయిగా పలుకుతుందో ఆ స్థాయిలో పాడుకోవడం మేలు. అది మంద్రమైనా సరే, తారమైనా సరే.